ఫ్యూజు మీద చుట్టిన రాగిపోగు

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించడం నా వృత్తి. అల్లూరు చుట్టుపక్కల గట్ల మీద తిరిగే నా వ్యానే నాకు ల్యాబు, వారంలో నాలుగు రోజులు ఇల్లు కూడా. వెనక ఒక మంచం, గ్యాస్ పొయ్యి, మైక్రోస్కోపు, నీళ్ల సీసాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్. టాప్ మీద రెండు సోలార్ ప్యానెళ్లు ఉండేవి. పెద్ద ఫ్రిజ్ కొన్నాక మూడోది కావలసి వచ్చింది.

ప్యానెళ్లు బిగించిన ఎలక్ట్రీషియన్ సముద్రం ఒడ్డు పల్లెవాడు, నాకన్నా పదేళ్లు చిన్న. పనిమంతుడే. కానీ మొదటిసారి వచ్చినప్పుడు టీ బంకు దగ్గర నలుగురిలో, "అన్నకి రొయ్య మీసం చూసి రోగం చెప్పడం తెలుసుగానీ, ప్లస్సేదో మైనస్సేదో తెలవదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది.

మూడోది బిగించిన రోజు ఒక్కో ప్యానెల్ తీగకూ ఒక్కో ఫ్యూజు పెట్టాలన్నాడు.

"రెండున్నప్పుడు లేని ఫ్యూజులు ఇప్పుడెందుకు?" అన్నాను.

"మూడూ పక్కపక్కన కలిపేది గదన్నా. మూడు మోటార్లు ఒకే కాలవకి నీళ్లు పోస్తా ఉండాయనుకో. ఒకటి చెడితే మిగతా రెండిటి నీళ్లూ వెనక్కి దాంట్లోకే పోతాయి. రెండే ఉంటే వచ్చేది ఒకదాని నీళ్లే, తట్టుకుంటాది. రెండిటివీ వస్తే తట్టుకోదు. ఫ్యూజు ఉంటే అది పోయి, ప్యానెల్‌ని కాపాడతాది."

నాకు అర్థమైంది. అర్థమైనా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడని మనసులో పెట్టుకున్నాను.

రెండు నెలలకు ఒక ఫ్యూజు పోయింది. ఫోన్ చేశాను. "ఎల్లుండి వస్తానన్నా. పెద్దాయన చెరువు కాడ ఏరియేటర్లు ఆగిపోయినాయి. అందాకా ఆ మూడోదాన్ని వదిలేసి రెండిటితో నడుపుకో" అన్నాడు. పెద్దాయన అంటే మా వైపు అందరికన్నా ఎక్కువ చెరువులున్న రైతు. నీళ్లలో గాలి కలిపే ఆ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక గంటల్లో చస్తాయని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా నన్ను వెనక్కి నెట్టాడనే అనిపించింది.

మా ఇంట్లో ఫ్యూజు పోతే నాన్న వైరులోంచి ఒక రాగిపోగు లాగి చుట్టేవాడు. అందరిళ్లలోనూ అంతే. నేనూ పాత వైరు ఒలిచి, పోయిన ఫ్యూజు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్టాను. ఒక పోగు కాదు, నాలుగు. ఊరుకోకుండా మిగతా రెండింటికీ చుట్టాను. మళ్లీ అతన్ని బతిమాలే పని ఉండకూడదని. వస్తానన్న రోజున అతను ఫోన్ చేస్తే, "అక్కర్లేదు, బాగైపోయింది" అని పెట్టేశాను.

ఆ ఫ్యూజు ఎందుకు పోయిందో మాత్రం చూడలేదు. టాప్ మీద నేను కట్టుకున్న ఇనుప నిచ్చెన కింద మూడో ప్యానెల్ తీగలు నలిగి ఒకదానికొకటి తగులుతున్నాయి. వారం తిరక్కముందే, మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఉండగా టాప్ మీంచి పొగ వచ్చింది. తీగలు కరిగాయి. ప్యానెల్ వెనక డబ్బా మాడిపోయింది.

ఆ సాయంత్రమే మేత దుకాణంలో పెద్దాయన ముందు నోరు పారేసుకున్నాను. ఆయన తన చెరువు షెడ్లన్నిటి సోలార్ పనీ అతనికే ఇవ్వబోతున్నాడని తెలిసే అన్నాను: "వాడి చేతిపని మూడు నెలలు నిలవదు. నా బండి తగలబెట్టినాడు." రాగిపోగుల సంగతి అప్పుడు గుర్తు లేదని చెప్పుకోవాలని ఉంది. గుర్తుంది.

మేత దుకాణంలో నేనన్నది చెవిన పడి మర్నాడు అతనే వచ్చాడు. పెద్దాయన కూడా నీళ్ల రిపోర్టు కోసం వచ్చి బండి పక్కనే నిలబడ్డాడు. అతను టాప్ ఎక్కి ఫ్యూజుల డబ్బా తెరిచాడు. కింద నుంచి నాకు అతని వీపే కనబడుతోంది. చాలాసేపు ఆ వీపు కదలలేదు.

"ఏమైందబ్బయా?" అన్నాడు పెద్దాయన.

"ఉప్పుగాలికి తీగ తినేసిందయ్యా."

"సముద్రం పక్కన పుట్టినోడివి, ఉప్పుగాలి ఉంటాదని నీకు తెలవదా? రేపు నా షెడ్లకీ ఇదే మాట చెప్తావా?"

అతను మాడిన తీగలు విప్పసాగాడు. నేను రిపోర్టు కాగితం పట్టుకుని నిలబడ్డాను. నేను ఒక్క మాట అంటే చాలు. కాగితం ఆయన ముందుకు చాపాను. పెద్దాయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

అతను దిగి రాగిపోగుల చుట్ట నా చేతిలో పెట్టాడు.

"ఎందుకట్టా చెప్పినావు?" అన్నాను.

"ఆయన చెరువుల నీళ్లు చూసేది నువ్వు గదా. నీ మాట మీద మందు పోస్తాడు, మేత ఆపుతాడు. నువ్వు తప్పు చేసి ఇంకొకరి మీద వేస్తావని తెలిస్తే నీ రిపోర్టు ఎవురు నమ్ముతారన్నా?" సంచి సర్దుకుంటూ, "కోపం ఉంటే నన్ను తిట్టు. ఫ్యూజు గొంతు పిసకమాక" అంటూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మూడు రోజులు పట్టింది నాకు. నాలుగో రోజు పెద్దాయన ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, "ముందే చెప్పాల గదా సామీ. షెడ్ల పని సూళ్లూరుపేట వాళ్లకి ఇచ్చేసినా, నిన్ననే ప్యానెళ్ల స్టాండ్లు దించేసినారు" అన్నాడు. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. అన్న మాటలు మోయడం నాకు అలవాటే.

ఇప్పటికీ ఆయన నా చేతే నీళ్లు పరీక్ష చేయిస్తున్నాడు. కాకపోతే రెండు సీసాలు నింపుతున్నాడు, ఒకటి నాకు, ఒకటి నెల్లూరులో వేరే ల్యాబుకి. రెండోది కూడా నా ఎదుటే నింపుతాడు. ఇంకెవరైనా అలా చేస్తే ఆ గట్టు మళ్లీ తొక్కేవాణ్ని కాదు. ఆయన చేతులు తడిగా ఉంటాయి కనుక, ఆ సీసా మూత నేనే బిగించి ఇస్తాను.