కొబ్బరినీళ్లు పడిన మోటారు

మా చెల్లె సిరిసిల్లలో ఇంటి ముందు గదిలోనే కూర్చొని మరమగ్గాలకు కండెలు చుడుతుంది. మగ్గం మీద అడ్డంగా పోయే నూలు ఆ కండెలదే. రాట్నం తిప్పీ తిప్పీ భుజం పట్టేయడంతో, కోరుట్లలో తల్లిగారింటికి వచ్చినప్పుడు దానికి బిగించే ఒక చిన్న కరెంటు మోటారు కొన్నది. జగిత్యాల నుంచి నేనూ వెళ్లాను. మా వైపు ఏ మిషన్ అమ్మినా దుకాణందారే పసుపు కుంకుమ పెట్టి, కాయ కొట్టి ఇస్తాడు. అతనూ కొట్టాడు. మోటారు మీద నీళ్లు చిందాయి. ఇనుముకు పూజేమిటని నేను గొణిగితే చెల్లె మోచేత్తో పొడిచింది.

నెల తిరగకముందే మోటారు కాలిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే పైన కొత్త రంగు, లోపల పాత వైండింగ్. దుకాణందారు మాత్రం దిష్టి తగిలిందన్నాడు, నిమ్మకాయ కట్టుకొమ్మన్నాడు. దిష్టికి వారంటీ ఉండదు. అందుకే అమ్మేవాడికి ఆ మాట అంత ముద్దు. ఇటు మగ్గాల ఆసామి కండెలు ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇస్తానని కబురు పెట్టాడు. చెల్లె ఇల్లు నడిచేది ఆ పనితోనే.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. సరుకు ఎక్కడ కొన్నా, కొన్నవాళ్లు ఉండే చోటనే వేసుకోవచ్చు. వకీలు లేకుండా తమ మాట తామే చెప్పుకోవచ్చు. దుకాణందారు వకీలును పెట్టుకున్నాడు. మోటారు వ్యాపారానికి కొన్నది కనుక ఈమె వినియోగదారే కాదన్నాడు ఆ వకీలు. సొంతంగా పని చేసుకొని బతికే మనిషి కొన్న పనిముట్టుకు ఆ అడ్డు లేదని చట్టంలోనే రాసి ఉందని కమిషన్ అధ్యక్షురాలు చెప్పారు. ఆ ఒక్క వాక్యం రాసినవారెవరో నాకు తెలియదు. ఏ దేవుడికీ మొక్కని నేను వారికి మాత్రం రుణపడి ఉన్నాను.

వకీలు అప్పుడు దుకాణందారు చెప్పిన దిష్టి సంగతి వదిలేసి, కొబ్బరినీళ్లు పోయడం వల్లే మోటారు చెడిపోయిందని, తప్పు ఈమెదేనని అన్నాడు. ఏమంటావమ్మా అని అధ్యక్షురాలు అడిగారు. చెల్లె దుకాణందారు వైపు తిరిగింది.

"కాయ నా చేతికిచ్చినవా సేటు? నీ చేత్తోనే కొడ్తివి. ఒక చిప్ప గూడ నువ్వే తీస్కుంటివి. గిప్పుడు చిప్ప నీదైంది, నీళ్లు నాయైనయా?"

గదిలో నవ్వులు. పాత వైండింగ్ గురించి మెకానిక్ రాసిచ్చిన కాగితం అధ్యక్షురాలు చదివారు. కొత్త మోటారు ఇవ్వాలని, ఖర్చులు కట్టాలని తీర్పు వచ్చింది.

మోటారును దుకాణం మనిషి సిరిసిల్లకే తెచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. అందినట్టు ఊరికే సంతకం పెట్టలేదు చెల్లె. అతన్ని కూర్చోబెట్టి, చాయ ఇచ్చి, మోటారు వేడెక్కుతుందో లేదో చెయ్యి పెట్టి చూస్తూ కండెలు చుట్టింది. చట్టం మీద నాకున్న కృతజ్ఞత ఉపన్యాసంగా మారబోతుంటే, "ఆగన్నా, మోటారు చప్పుడు వినబడ్తలేదు" అన్నది.

ఆ సాయంత్రం ఆసామి మనిషి మళ్లీ నూలు మూట తెచ్చి ఆమె గడప దగ్గర దించాడు.