పిన్ని కుట్టిన సీరియల్‌కు నా ముగింపు

నిన్న హాస్టల్లో డిబేట్ పోస్టర్లు అంటిస్తూ, మాయాలోకాల గేముల గురించీ, అలాంటి నవలలు రాసే అభిమాన రచయితల గురించీ వాదించుకున్నాం. "గేము ఆడుకునేదక్కా, సాహిత్యమెలా అవుతుంది?" అని ఒక జూనియర్ నిలదీసింది. ఎదుటివారికి మాట మిగల్చని నాకు, చేతికంటిన మైదా జిగురు వాసనకు జవాబు బదులు చిన్ననాటి పుస్తకమొకటి గుర్తొచ్చింది.

మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, వారపత్రికల్లోని సీరియల్ కాగితాలు దాచి, దబ్బనంతో కుట్టి, జిగురుతో అట్ట వేసిన పుస్తకాలు? భీమడోలులో మా పిన్ని కుట్టిన జానపద నవలకు చివరి వారం కాగితాలు దొరకలేదు. రాకుమారుడు గుహలోనే చిక్కుకుపోయాడు. పిన్నికి ఏళ్ల తరబడి అదే బెంగ.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ముగింపు లైబ్రరీలో చదివానని అబద్ధమాడి, కంప్యూటర్లో నేనాడిన గేము కథను ఆ రాకుమారుడికి తగిలించి చెప్పేశాను.

"చచ్చినవాడు మళ్లీ ఎలా లేచాడే?"

"ముందే సేవ్ చేసుకున్నాడు పిన్నీ."

"ఓహో, చిలకలో ప్రాణం దాచుకున్నట్టన్నమాట!"

ఆమె అదంతా తెల్లకాగితాల మీద శ్రద్ధగా రాసి, ఆ పుస్తకానికే కుట్టేసింది.

ఆ అబద్ధం మనసును తొలుస్తుంటే ఈ ఉదయం ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

"అప్పుడే తెలుసే! బాగుందని కుట్టుకున్నాను. మొన్న కైకలూరు టీచరుగారు ఆ పుస్తకం చదువుతానని పట్టుకెళ్లారు. అంతటికీ ముగింపే గొప్పగా ఉందండీ అన్నారు."

జూనియర్‌కు చెప్పాల్సిన జవాబు దొరికింది. తన పేరు మీద నా ముగింపు చెలామణీ అవుతున్నందుకు ఆ నవల రాసినాయనకు ఏం జవాబు చెప్పాలో తెలియక, ఉదయం నుంచి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను.