కుడివైపు లైటు వెలగలేదు

ఈశ్వరిది నరసన్నపేటకు తూర్పున సముద్రపు ఒడ్డు ఊరు. భర్త ఎల్లాజీ వేటకు వెళ్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. ఊరి ఆడవాళ్లను గంపలతో సహా పేట మార్కెట్టుకు చేర్చేది బావ కొండబాబు ఆటో ఒక్కటే. ఎదురుచెప్పినవాళ్లను మర్నాడు ఎక్కించుకోడు. అందుకే ఈశ్వరి తనూ ఆటో నేర్చుకోవాలనుకుంది. అడిగితే కొండబాబు కాదనలేదు. రెండు నెలలపాటు తనే నేర్పాడు.

"మలుపుకి ముందే సిగ్నలెయ్యాల. తిరిగినాక ఆపీయాల. అదే సూస్తారు," అనేవాడు.

పొయ్యి దగ్గర కూర్చున్నా ఆమె బొటనవేలు ఎడమకీ కుడికీ కదులుతుండేది.

లైసెన్సు పరీక్షకు బ్రేక్ ఆఫీసుకు అతని ఆటోలోనే వెళ్లారు. మైదానంలో ఇన్‌స్పెక్టర్ బండి వెనక నిలబడ్డాడు. ఎడమ మలుపు బాగానే తిరిగింది. కుడి మలుపుకు చాలా ముందే మీట నొక్కి, మెల్లగా తిప్పింది.

ఇన్‌స్పెక్టర్ ఈల వేసి ఆపాడు. "కుడికి సిగ్నల్ ఏది?"

"ఏసినాను బాబూ."

"నేను గుడ్డివాణ్ణా? దిగు. సిగ్నలంటే ఏమిటో నడిచి చూపించు."

వరసలో ఉన్న నలభై మంది ముందు, కుడిచెయ్యి చాపి ఆమె ఆ మలుపు నడిచింది. "ఇంకోసారి," అన్నాడాయన. మూడుసార్లు నడిపించాడు. కొందరు ఫోన్లు తీశారు. ఎవరో చేపల కంపు అన్నారు. కొండబాబు నీడన నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఫెయిల్ అని రాసేశాడు.

గేటు బయట కొండబాబు చొక్కా జేబులోంచి చిన్న బల్బు తీసి, ఆమె చూస్తుండగానే ఆటో వెనక కుడివైపు లైటులో పెట్టాడు.

"నువ్వే తీసినావా బావా?"

"నీకు లైసెన్సొస్తే ఆడోలంతా నీ బండే ఎక్కుతారు. నేనేటి తినాల?"

"మరి నేర్పినావెందుకు?"

"నేర్పకపోతే ఇంకోడి దగ్గిర నేర్సుకుందువు. ఎక్కు, పొద్దుపోతన్నాది."

ఎక్కింది.

ఎల్లాజీకి చెప్పింది. "అన్నతో మనకి గొడవెందుకే," అని అతను అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు ఉదయం ఆటోలో కొండబాబు మైదానం కథంతా చెప్పి, ఆమె నడిచినట్టే చెయ్యి చాపి చూపించాడు. ఆడవాళ్లు నవ్వారు. ఈశ్వరి బల్బు సంగతి చెప్పింది.

"పోన్లే, ఆడి బండి ఆడిష్టం," అంది పక్కనున్న జగ్గమ్మ, ఇంకా నవ్వుతూనే.

ఈశ్వరి గంపను ఒడిలోకి లాక్కుంది. పేట వచ్చేదాకా ఎవరి మొహమూ చూడలేదు.