లైనింగు గుడ్డ మింగిన ఎండ

మిషనమ్మ ఏ జాకెట్టు కుట్టినా ముందు లైనింగు గుడ్డను నానబెట్టి, ఆరబెట్టాకే కత్తెర పట్టేది. "తర్వాత ముడుచుకుంటే పోయేది నా పేరే కదా" అనేది. ఆ పద్ధతే ఒకరోజు ఆమె కొంప ముంచబోయింది.

ఆ వీధిలో ప్రతి డాబా మీదా సోలారు పలకలే. బ్యాటరీలో మిగిలే కరెంటు ఎవరికి ఇస్తారో పొద్దున్నే ఫోనులో మాటిచ్చేవారు. సాయంత్రం ఆరు కాగానే అది దానంతటదే వెళ్లిపోయేది. ఆపాలంటే ఆరులోపు పుచ్చుకునేవాళ్లే 'వద్దు' అని నొక్కాలి.

ఆ రోజు మరమ్మతులని రాత్రి పది దాకా పెద్ద లైను ఆపేశారు. మిషనమ్మ ఎదురింటి ఇస్త్రీ ఆయనకు మూడు యూనిట్లు మాటిచ్చి, మరో మూడు మంచంలో ఉన్న భర్త ఊపిరి మిషనుకు అట్టేపెట్టుకుంది.

ఆరుకు పది నిమిషాలుందనగా చూస్తే బ్యాటరీలో ఉన్నవే మూడు! డాబా మీదికి పరుగెత్తింది. తీగ మీది లైనింగు గుడ్డలు గాలికి జారి పలకల మీద పరుచుకున్నాయి. మధ్యాహ్నం నుంచీ ఎండంతా అవే మింగాయి.

ఫోను చేస్తే ఇస్త్రీ ఆయన ఎత్తలేదు.

"ఎక్కడికే?" అన్నాడు భర్త, ముక్కుకు గొట్టంతోనే.

"ఇక్కడికే. మీరు మాట్లాడకండి, ఆయాసం."

ఇస్త్రీ ఆయన హోటలు వాళ్ల చొక్కాల గుట్ట ముందున్నాడు.

"అన్నా, వద్దని నొక్కు! నా బ్యాటరీ నిండలేదు. మీ బావ మిషను ఆగిపోతుంది."

"మరి ఇవన్నీ దేంతో చెయ్యమంటావు తల్లీ? బొగ్గుల ఇస్త్రీపెట్టె అటకెక్కించేదాకా ఊరుకున్నావా? ఒక్క జాకెట్టు కాలిందని వీధంతా టముకేశావు!"

"వేశాను. రేపు తీరిగ్గా తిట్టుకో. ముందు నొక్కు!"

"ఫోనేదీ?"

ఇద్దరూ గుట్టంతా తిరగేశారు. మడతపెట్టిన చొక్కాలు నేలపాలయ్యాయి. అడుగున దొరికింది. ఆరుకు నిమిషం తక్కువ.

"కళ్లజోడు లేదే, ఏది నొక్కను?"

"ఎర్రది అన్నా, ఎర్రది!"

నొక్కాడు.

ఇంటికొచ్చి, గడియారం ముల్లు ఆరు దాటేదాకా ఊపిరి మిషను మీద అరచెయ్యి వేసి నిలబడింది. అది గుర్రుమంటూనే ఉంది. భర్తకు అదే చివరి ఏడాదని అప్పుడెవరికి తెలుసు?

కాసేపటికి ఎదురింటి నుంచి బొగ్గు పొగ వచ్చింది. ఒకప్పుడైతే వీధి దద్దరిల్లేలా కిటికీ వేసే మనిషి, ఆ సాయంత్రం చప్పుడు కాకుండా మూసింది.