కుబాలా ఏడుపు

లవాకా కౌంటీలో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లలో సగం మందికి మొదట చేయీ చేయీ కలిసింది ఎర్విన్ కుబాలా ఏడుస్తున్నప్పుడే. అంటే అతను కాదు, అతని పెడల్ స్టీల్ గిటారు. శనివారం సాయంత్రం పీచ్ క్రీక్ డాన్సు హాల్లో నెమ్మది వాల్ట్జ్ మొదలయ్యే ముందు అది ఒక్కసారి మూలిగేది. పై స్వరం మీద ఆగి, దిగాలా వద్దా అని తటపటాయించి, చివరికి గుండె జారినట్టు జారేది. ఆ జారుడుకి జనం పెట్టిన పేరు కుబాలా ఏడుపు. అది వినపడగానే బీరు సీసాలు బల్లల మీద వదిలేసి జంటలు లేచేవి.

వృత్తికి ఎర్విన్ మాంసం కొట్టు నడిపేవాడు. వారమంతా సాసేజీలు చుట్టి, శనివారం చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని వచ్చి ఆ వాయిద్యం ముందు కూర్చునేవాడు. కుట్టుమిషనూ వీణా కాపురం పెడితే పుట్టినట్టుంటుంది అది. పైన పది తీగలు, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, పాదాల కింద పెడళ్లు, మోకాళ్లకు అటూ ఇటూ మీటలు. కడ్డీ తీగల మీద జరుగుతుంటే, పెడల్ తొక్కినప్పుడు శ్రుతి పైకి సాగుతుంది, వదిలితే దిగుతుంది. ఇదంతా ఎర్విన్‌కి ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో రికార్డు ప్లేయరు వేగం తగ్గించి, ముల్లు ఎత్తి మళ్లీ మళ్లీ అదే చోట పెట్టి నేర్చుకున్నాడు. రికార్డు మీద ఆ చోటు అరిగి తెల్లబడింది. "ఆ పాటని చంపేశావు, ఇక పూడ్చిపెట్టరా నాయనా," అని తల్లి మొత్తుకునేది.

చెవితో నేర్చుకున్నానన్న గర్వం అతనికి టోపీ లాంటిది. చర్చిలో తప్ప ఎక్కడా తీసేవాడు కాదు.

ఆ ఊళ్లో ఇంటింటికీ గ్యాసు ట్యాంకులు నింపే లారీ తోలేది లవర్న్ టీట్జ్. నలభై దాటాక ఆమె ఒక పాత స్టీల్ గిటారు కొనుక్కుంది. ఆదివారం మధ్యాహ్నాలు దాణా కొట్టు వరండాలో పాటగాళ్లు చేరితే, తనూ వచ్చి ఎదురుగా స్టాండు మీద కాగితం పెట్టుకుంది.

"ఏంటమ్మాయ్ అది, గ్యాసు బిల్లా?" అన్నాడు ఎర్విన్.

"ట్యాబ్ అంటారండీ. పది గీతలంటే పది తీగలు. అంకె ఉన్నచోట కడ్డీ పెట్టాలి. పక్కన అక్షరం ఉంటే ఆ పెడల్ తొక్కాలి."

"అయితే టెలిఫోన్ డైరెక్టరీ ఇచ్చినా వాయించేస్తావన్నమాట!"

వరండా అంతా నవ్వింది. లవర్న్ కూడా నవ్వింది. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చింది, ఇంకో కాగితంతో.

ఏళ్లు గడిచాయి. మొదట ఎర్విన్ కొట్టు వెనక చెట్ల మీద పిట్టలు కూయడం మానేశాయి. తర్వాత భార్య జార్జీన్ అన్నీ నోట్లోనే గొణగడం మొదలుపెట్టింది. కనీసం ఎర్విన్ అలాగే అనుకున్నాడు. చివరికి అకార్డియన్ వాయించే లెనర్డ్ మిగ్ల్ అతన్ని పక్కకు లాగాడు.

"ఒరేయ్, నీ మూడో తీగ శ్రుతి తప్పి చెవులు కోస్తోందిరా."

"నాకేం కోయట్లేదే."

"అదేరా నా ఏడుపు!"

చెవులకు మిషన్లు పెట్టించారు. వాటితో జార్జీన్ మాటలు వినపడ్డాయి. ఆమె అన్నాళ్లూ గొణిగినదంతా తన గురించేనని తెలిసింది. స్టీలు మాత్రం రేకుడబ్బాని గరిటెతో గీకినట్టు వినపడింది. మిషన్లు తీస్తే పై తీగలు అసలే లేవు. అయినా వేళ్లకూ కాళ్లకూ వచ్చిన పాటలతో బండి నడుస్తుండగా, మనవరాలు బ్రెన్నాకి పెళ్లి కుదిరింది. తను పుట్టాక వచ్చిన ఏదో పాట తాతయ్యే వాయించాలంది. ఎర్విన్ ఆ పాట పెట్టుకుని స్పీకరుకి చెవి ఆనించి వారాల తరబడి కూర్చున్నాడు. కింది స్వరాలు దొరికాయి. పైవి దొరకలేదు.

దాంతో గ్యాసు అయిపోయిందని లవర్న్‌కి ఫోన్ చేశాడు. ఆమె లారీ దిగి ట్యాంకు ముల్లు చూసింది.

"ఎర్విన్ గారూ, దీంట్లో ఇంక తుమ్మినా పట్టదు."

"అదలా ఉంచు. నా స్నేహితుడొకడున్నాడు. చెవులు పోయాయి పాపం. వాడికి ఆ కాగితాలేవో…"

"మీ స్నేహితుడు స్టీలు వాయిస్తాడా?"

"బ్రహ్మాండంగా వాయిస్తాడు."

"అయితే కళ్లజోడు తుడుచుకోమనండి. సాయంత్రం వస్తాను."

ఎర్విన్ పిల్లాడిలా అంకె తర్వాత అంకె వేలితో చూపించుకుంటూ నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి పెళ్లిపాట వచ్చేసింది. అతనికే ఆశ్చర్యం. రుచి మరిగి, ఆమె తెచ్చిన కట్టలో మిగతావీ తిరగేశాడు. ఒకదానికి పేరు లేదు. వాయించి చూసి చిరాకుపడ్డాడు.

"వీడెవడో గానీ తాగి వాయించాడు. కడ్డీ ఎప్పుడో వచ్చేసింది, పెడల్ మీంచి కాలు తియ్యడే! సోమరి వెధవ."

లవర్న్ తల గోక్కుంది. "అది మీరేనండి."

"ఎవరు?"

"మీ ఏడుపు. హాల్లో టేపు పెట్టి రికార్డు చేసుకున్నాను. చలికాలమంతా విని రాశాను. మిగతాదంతా తేలిగ్గానే దొరికింది, ఆ ఆలస్యంగా లేచే కాలే చంపేసింది నన్ను."

"నేనలా వాయించను."

వంటగదిలోంచి జార్జీన్ అంది: "అలాగే వాయిస్తావు. పెళ్లైనప్పట్నుంచీ వింటున్నాను."

ఎర్విన్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. కొట్టులో మధ్యాహ్నం భోజనాల వేళ సాధన చేసిన రోజులు గుర్తొచ్చాయి. కాళ్లకు మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, అడుగున తడి కొవ్వు. పెడల్‌కి అతుక్కుపోయి ఊడొచ్చేవి కావు, కాలికి అదే అలవాటైపోయింది. కౌంటీ అంతటినీ కరిగించిన ఆ తటపటాయింపు, బూట్లది.

లవర్న్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లి లారీ టైర్లు చూసుకుంది.

తప్పని తెలిశాక ఊరుకునే మనిషి కాదు ఎర్విన్. పెళ్లికి ముందు శనివారం హాల్లో దాన్ని దిద్ది వాయించాడు. కడ్డీ వచ్చేసరికి కాలు లేచింది, స్వరం శుభ్రంగా దిగింది. ఎవరూ లేవలేదు. బల్లల దగ్గర కబుర్లు సాగుతూనే ఉన్నాయి. ఒక ముసలావిడ జార్జీన్ చేయి పట్టుకుని, "మీ ఆయనకి ఒంట్లో బాలేదా తల్లీ?" అంది.

"ఏమైందిరా?" అన్నాడు లెనర్డ్. "ఏడవమంటే లెక్కలు అప్పజెప్పినట్టు వాయించావు!"

మర్నాడు మునుపట్లాగే వాయించబోతే రాలేదు. కాలు తొందరపడేది, లేదంటే మరీ మొండికేసేది. పాత బూట్లు తొడిగి చూశాడు. గదంతా కొట్టు వాసనేసింది తప్ప ప్రయోజనం లేకపోయింది. ఇన్నేళ్లూ తెలియక చేసింది, తెలిశాక చేయలేకపోయాడు. మళ్లీ లవర్న్‌కే ఫోన్ చేశాడు. ఈసారి ట్యాంకు మాట ఎత్తలేదు.

ఆమె కాగితం మీద అక్షరం పక్కన తోకలా గీసిన గీతని చూపించింది. "తాళంలో మూడో దెబ్బ పడ్డాక లెనర్డ్ గారు అకార్డియన్ తిత్తి తెరుస్తారే, గాలి లోపలికి పోతుంది చూడండి. అప్పుడు ఎత్తండి."

"అది నాకు వినపడదు కదమ్మా."

"ఆయన భుజం చూడండి. లేస్తుంది."

పెళ్లి రోజున ఎర్విన్ అందరి ముందూ కళ్లజోడు పెట్టుకుని, స్టాండు మీద కాగితం పెట్టి, తన ఏడుపుని తనే చూసి వాయించాడు. లెనర్డ్ భుజం లేచింది, కాలు లేచింది. కొలాచీ తీపి బన్నులు తింటున్నవాళ్లు పళ్లేలు పక్కన పెట్టి లేచారు. బ్రెన్నా కళ్లు తుడుచుకుంది. నెలరోజులు చెమటోడ్చి నేర్చుకున్న పెళ్లిపాట సంగతి మాత్రం తర్వాత ఎవరికీ గుర్తులేదు.

హ్యూస్టన్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ వేదిక దగ్గరికొచ్చి గట్టిగా అరిచాడు. "అద్భుతం సార్! ఇదంతా మీరు చెవితోనే నేర్చుకున్నారటగా?"

"చెవితోనే," అన్నాడు ఎర్విన్. "నా చెవితో కాదు, అదిగో ఆవిడ చెవితో."

లవర్న్ అటు చూడలేదు. రెండో సాసేజీ కోసం వరసలో నిలబడి, ముందున్నాయనకి చలికాలం రాకముందే ట్యాంకు నింపించుకోమని నచ్చజెబుతోంది.