దేవుడి బియ్యం తిన్న రోజు

మా అత్త వంటింట్లో బియ్యానికి రెండు కుండలుండేవి. ఒకటి మాది, రెండోది దేవుడిది. పూటపూటా ఎసట్లోకి బియ్యం కొలుచుకున్నాక, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ బియ్యాన్ని మూటగట్టి గుడికి తీసుకెళ్ళాలి. మేం చర్చిని గుడి అనే అనేవాళ్ళం. అల్లూరు చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళందరూ చేసే పనే అది. చేతిలో కాసు ఆడని ఆడవాళ్ళం దేవుడికి సొంతంగా ఇచ్చుకోగలిగింది ఆ పిడికెడే. దాంతో పాస్టరు అయ్యగారి ఇల్లు గడిచేది, మిగిలింది ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళకు పంచేవాళ్ళు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది యాభైల చివర్లో. నా పుట్టిల్లు కోవూరు. మా నాన్న బడిపంతులు. ఆయన మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు, గుర్తు పెట్టుకునేవాడు. సోమవారం పలక పగలగొడితే ఏమీ అనేవాడు కాదు. శనివారం అందరం పెన్న ఒడ్డుకు బయల్దేరే సమయానికి, నువ్వు ఇంట్లో ఉండు అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఏం తప్పు చేశామో మేమే వెతుక్కోవాలి. పాపం, ఆయన్నీ అట్లాగే పెంచి ఉంటారు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ప్రార్థనలో తండ్రీ అన్నప్పుడల్లా నా కళ్ళ ముందు కదిలేది ఆయన ముఖమే. దేవుడంటే ఇంకా పెద్ద బడిపంతులు, మరుపన్నది లేనివాడు. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా, పెళ్ళయి ఒక బిడ్డ పుట్టేదాకా, నా భక్తి అంతా ఆ భయమే. దాన్నే విశ్వాసం అనుకున్నాను.

పెద్దమ్మాయి పుట్టి ఎనిమిదో నెల నడుస్తుండగా కార్తీకమాసం వానలు పట్టుకున్నాయి. మా ఆయన గూడూరులో అభ్రకం షెడ్డులో పని చేసేవాడు, శనివారం వచ్చి సోమవారం తెల్లవారి పోయేవాడు. ఆ వారం రోడ్డు తెగిపోయి రాలేకపోయాడు. మా అత్త నెలలు నిండిన కూతురి దగ్గరికి వెళ్ళి ఉంది. ఇంట్లో నేనూ బిడ్డా మాత్రమే. గురువారానికి మా కుండ అడుగంటింది.

అడిగితే పక్కింటివాళ్ళు ఇచ్చేవాళ్ళే. కానీ నాకు అభిమానం ఎక్కువ, బడిపంతులు కూతుర్ని కదా. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. పాలిచ్చే తల్లి ఆకలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చివరికి దేవుడి కుండ మూత తీసి, ఉన్నదంతా ఒంపి, వండుకుని, ఎండుచేపల పులుసుతో తిన్నాను. మంచి మొలగొలుకుల అన్నం. నిజం చెప్పొద్దూ, ఆ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆదివారం నాటికి వాన వెలిసింది, పొరుగూరి షాపులో బియ్యం దొరికాయి. గుడికి నేను పట్టుకెళ్ళిన మూట మరీ చిన్నగా ఉంటే, బియ్యం పోయించుకునే పెద్దావిడ ఏమైందని అడిగింది. ఎలుకలు పడ్డాయని చెప్పాను. ఆ పెద్ద ఎలుక నేనేనని ఆమెకేం తెలుసు.

మంగళవారం బిడ్డకు జ్వరం వచ్చింది.

ఎవరైనా వానగాలికి వచ్చిందనుకుంటారు. నేను అట్లా అనుకోలేదు. శనివారం దాకా ఆగే మా నాన్నే గుర్తొచ్చాడు. దేవుడు గురువారం ఏమీ అనలేదు, ఆదివారం నా అబద్ధం విని కూడా ఊరుకున్నాడు, ఇప్పుడు బిడ్డను పట్టుకున్నాడు. అంతే, ఆ పూట నుంచి పిడికెడు వేసే చోట రెండు పిడికిళ్ళు వేశాను. జ్వరం తగ్గలేదు. మూడు వేశాను. నా వంతు అన్నంలోంచే కదా, ఎవరికి తెలుస్తుంది? నేను గంజినీళ్ళు తాగి సరిపెట్టుకునేదాన్ని. ప్రార్థన మాత్రం చెయ్యలేకపోయాను. అల్లూరు నుంచి కాంపౌండరు వచ్చి, ఛాతీలో చలి చేరిందని చెప్పి మందు కలిపి ఇచ్చాడు. మందు కంటే ముఖ్యం తల్లిపాలు, పాలు బాగా పట్టకపోతే బిడ్డ నిలవడం కష్టమని కూడా చెప్పాడు. నేను తలూపి, ఆ సాయంత్రం నాలుగు పిడికిళ్ళు వేశాను. ఇప్పుడు రాస్తుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. బిడ్డకు కావలసిన పాలను నా చేతులతో నేనే ఎండగట్టుకుంటున్నానన్న ధ్యాస నాకు రవ్వంత కూడా లేదు.

మా అత్త కూతురికి పురుడు పోసి, శుక్రవారం పొద్దెక్కాక వచ్చింది. కాళ్ళు కడుక్కుని, బిడ్డ ఒళ్ళు పట్టి చూసి, నేరుగా వంటింట్లోకి పోయింది. దేవుడి కుండ మూత తీసి, అంచుదాకా ఉన్న బియ్యాన్ని చూసి, ఈ వారం దేవుడింట్లో పెళ్ళేమన్నా ఉందా అని నవ్వింది. ఆమెకు ఎప్పుడూ వెటకారమే. అంతలో బిడ్డ పాలు చాలక రొమ్ము వదిలేసి గుక్కపట్టి ఏడ్చింది. మా అత్త నా ముఖంకేసి చూసింది, పొయ్యి పక్కనున్న గంజి చెంబుకేసి చూసింది. నవ్వు పోయింది.

ఇక దాచలేకపోయాను. ఆకలి, కుండ, పులుసు, ఎలుకలు, అన్నీ చెప్పేశాను. దేవుడు నా తప్పుకు బిడ్డను పట్టుకున్నాడనీ, ఆయన్ను చల్లబరచడానికే ఇంతింత వేస్తున్నాననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి, దేవుడి కుండలోంచి రెండు దోసిళ్ళు చేటలోకి తీసుకుని, రాళ్ళు ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టింది. నేను పరిగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“వద్దత్తా. బిడ్డకేమన్నా అయితే?”

“అమ్మే, నువ్వు ఆయన్ని ఎవురనుకుంటుండావు?” అంది మా అత్త. “నీ మొగుడు చిన్నప్పుడు ఆకలేసి, నాకు చెప్పకుండా ఉట్టి మీద పెరుగంతా తాగేసినాడు. పిల్లి తాగిందన్నాడు. అబద్ధమాడినాడని రెండు తగిలించినా, మళ్ళా నేనే దగ్గిర కూసోబెట్టుకోని కూడు పెట్టినా. అంతేగాని, వాడికి జొరమొస్తే బాగుండని కోరుకున్నానా? చదువూ సంధ్యా లేని దాన్ని, నాకే మనసొప్పలేదే. ఆయన నాకంటే చెడ్డోడా?”

నేను ఏడుస్తున్నాను. ఆమె ఊరుకోలేదు.

“అబద్ధం చెప్పినావు చూడు, అది తప్పే. అది ఆయనకి చెప్పుకో, ఆ పెద్దామెకీ చెప్పుకో. చెప్పుకుంటే అయిపోయింది. బిడ్డ మీదికి జొరం పంపించి బియ్యం వసూలు చేసుకునేవాడైతే, నలభై ఏళ్ళుగా నేను ఎవురికి మొక్కుతుండానో ఏమో.”

అన్నం ఉడికాక కంచంలో పెట్టి, నెయ్యి వేసి నా ముందుంచింది. బిడ్డ ఆమె ఒళ్ళో పొయ్యిలా కాలిపోతోంది. ఆ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడానికి నాకెంత ధైర్యం కావలసి వచ్చిందో నాకే తెలుసు. దేవుడు ఆమె చెప్పినట్టే ఉంటాడో, నేను అనుకున్నట్టే ఉంటాడో, బిడ్డ ప్రాణం పెట్టి తేల్చుకుంటున్నట్టు అనిపించింది. తిన్నాను. మూడు పూటలూ తిన్నాను. మరునాటికి పాలు పడ్డాయి, ఐదో రోజుకు జ్వరం జారింది. ఆదివారం ఆ పెద్దావిడ దగ్గర ఒప్పుకుంటే, ఆమె పడీపడీ నవ్వి, తానూ ఒకసారి ఆ పని చేశానని చెప్పింది.

బిడ్డ బతికింది కాబట్టి దేవుడు మంచివాడని చెప్పడానికి ఇది రాయలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళకు నాకు కొడుకు పుట్టి పదకొండు రోజులే ఉన్నాడు. ఊరి బయట సరుగుడు తోపు పక్కన వాణ్ణి పూడ్చి వచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ, ఏ పాపమో ఏమో అని నిట్టూర్చింది. పాత నేనైతే ఆ మాట పట్టుకుని ఏళ్ళ తరబడి నా తప్పులు తవ్వుకునేదాన్ని, ఐదేళ్ళ కూతురు కాస్త దగ్గినా వణికిపోయేదాన్ని. నేను వెతుక్కోలేదు. మా అత్త నాకు చేసిన మేలు అది, చచ్చేదాకా ఆమె రుణం తీరదు. చాప మీద బోర్లా పడుకుని, తండ్రీ, వాణ్ణి ఎందుకు తీసుకున్నావని గట్టిగా అడిగాను. కోపంగానే అడిగాను. జవాబు రాలేదు. అయినా అడుగుతూనే, ఆయన దగ్గరే ఏడ్చాను.