అడగకముందే అందించే మనిషి

నంద్యాలలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో రామలింగయ్యకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. విద్యార్థి నోరు తెరిచేలోపే కేబులు చేతిలో పెడతాడని పేరు. ఆ తొందరే ఒకప్పుడు ఆయన్ను ఆళ్లగడ్డలోని సొంత శిల్పాల షెడ్డు నుంచి తరిమేసింది. అన్న శేషయ్య ఇంకా రాయిని చూస్తుండగానే ఈయన ఉలి అందించేవాడు. అన్న దాన్ని కింద పడేసేవాడు. "అడిగినప్పుడియ్యిరా" అని వందసార్లు చెప్పి, చివరికి "పోయి సదువుకో పో" అన్నాడు. ముప్పై ఏళ్లయినా రామలింగయ్యకు ఆ మాట అరగలేదు.

ఇప్పుడు ఆ అన్నే కబురు పెట్టాడు. మోచేయి సహకరించక మోటు పనంతా చెక్కుడు యంత్రానికి అప్పగించి రెండేళ్లయింది. దాన్ని నడిపే కంప్యూటర్ పాడైతే కొత్తది తెచ్చారు. పెన్‌డ్రైవులో ఉన్న పాత ప్రోగ్రామును కొత్త కంప్యూటర్లోని లినక్స్ మీద మళ్లీ కంపైల్ చేయాలి, అంటే దానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. ఆదివారానికి అమ్మవారి విగ్రహం చాగలమర్రి చేరాలి. ఒప్పుకున్న విగ్రహం ఇవ్వలేనని శేషయ్య జన్మలో ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దున రామలింగయ్య సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాడు. కంపైల్ అయింది, లింకు దగ్గర ఆగింది. మోటార్లను కదిలించే పనులన్నీ ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీలో ఉంటాయి. వాటిని ప్రోగ్రాముతో కలపాల్సిన లింకరేమో ఆ పనులు ఎక్కడా దొరకలేదంటోంది. ఫైలు ఉందా? ఉంది. అదెక్కడుందో దారి చూపాడా? చూపాడు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. అదే పాట. మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోయింది. అన్న ముందు మళ్లీ పనికిరానివాణ్ణవుతానని భయం పట్టుకుంది.

"ఏమంటాంది రా అది?" అన్నాడు శేషయ్య.

"లైబ్రరీ ల్యాదంటాంది న్నా. ఈడే ఉండాది, నేనే ఇచ్చినా."

"అది అడిగినంక ఇచ్చినావా, అడగకముందే ఇచ్చినావా?"

అన్న ఎగతాళికే అన్నాడు. రామలింగయ్య మాత్రం తెర వైపు తిరిగి నాలుక కరుచుకున్నాడు. లింకరుకిచ్చిన ఆదేశంలో లైబ్రరీ పేరు ముందు రాసి, ప్రోగ్రాము ఫైలు వెనక రాశాడు. లింకర్ వరుసగా చదువుకుంటూ పోతుంది. లైబ్రరీ ఎదురైనప్పుడు దానితో ఇంకా అవసరం పడలేదు కాబట్టి వదిలేసింది. అవసరం పడ్డాక వెనక్కి తిరిగి చూడదు. ఏటా పిల్లలకు తాను చెప్పే సంగతే! తనను తానే తిట్టుకుని ఆ పేరును చివరికి మార్చాడు.

యంత్రం కదిలింది. శేషయ్య మెచ్చుకోలేదు గానీ, "శనివారం గూడా రా" అన్నాడు.

శనివారానికి మోటు పని ముగిసింది. అమ్మవారి కళ్లు చెక్కడం మాత్రం శేషయ్య యంత్రానికి వదలడు. రాతి ముందు కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న రామలింగయ్య చేతిలో సన్న ఉలి ఉంది. అందించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 

శేషయ్య చూపు తిప్పకుండానే చెయ్యి చాచాడు. అప్పుడు ఉలి పెట్టాడు. ఈసారి అది కింద పడలేదు.